తులం సీసం: కౌబాయ్ తుపాకీ వెనక ఉన్న రైతు లెక్క



ఈ రోజు పంట గురించి కాదు, ఒక తుపాకీ చరిత్ర రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టు. రాత్రి మోటారు కరెంటు కోసం కాచుకోని ఉంటారు గదా, అప్పుడు నిదానంగా చదువుకోండి.

మొన్న రచ్చబండ దగ్గర శెనక్కాయ చేన్లో పడే అడవి పందుల మాట వచ్చింది. ఒక కుర్రోడు అన్నాడు: "సినిమాల్లో కౌబాయ్‌లు పట్టుకునే ఆ లీవర్ తుపాకీ ఒకటి ఉంటే చాలు మామా. సీసం కరగబోసి గుళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చంట. మందు ఎంత ఎక్కువ పోస్తే అంత దెబ్బంట." అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాటలో మొదటి సగం నిజం. రెండో సగం వేళ్ళు, కండ్లు పోగొట్టే అబద్ధం. ఆ రెండింటి మధ్య ఏముందో అమెరికా చరిత్రలో వెతికి చదివినా. చదివింది మీకూ చెప్దామని.

మన తరానికి కౌబాయ్ అంటే 1971లో వచ్చిన కృష్ణ సినిమా "మోసగాళ్ళకు మోసగాడు". అట్లాంటి సినిమాల్లో తుపాకీలో గుళ్ళు అయిపోవు. ఎవరూ సీసం కరిగించరు, ఎవరూ మందు తూచరు. అసలు కథలో ఆ తుపాకీ పట్టినోళ్ళలో చానామంది మన మాదిరి సేద్యగాళ్ళు. 1862లో అమెరికా ప్రభుత్వం హోమ్‌స్టెడ్ చట్టం అని ఒకటి చేసింది. బీడు భూమిలో ఇల్లు కట్టుకోని ఐదేండ్లు సేద్యం చేస్తే 160 ఎకరాలు వాళ్ళ పేరు మీద రాసిచ్చేది. ఆ భూమి అంతకు ముందు అక్కడి ఆదివాసీలది. ఆ మాటకు తర్వాత వస్తా. అట్లా పోయిన కుటుంబానికి పక్క ఊరు యాడో, అంగడి ఇంకా యాడో. పొలంలో జింక పడినా, దొడ్లో తోడేలు పడినా, కూరకు మాంసం కావాలన్నా చేతిలో తుపాకీ ఉండాల. దాంట్లోకి గుండు ఉండాల. గుండుకు రొక్కం ఉండాల. వాళ్ళకు రొక్కం తక్కువ. ఇక్కడ మొదలైంది సీసం గుండు కథ.

ముందు తూకం చెప్తా. తుపాకీ లెక్కలన్నీ గ్రెయిన్లలో ఉంటాయి. 7000 గ్రెయిన్లు అయితే ఒక పౌను, అంటే మన 454 గ్రాములు. ఇది మనకు కొత్తేమీ కాదు. బ్రిటిషోళ్ళు మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లకు ఖాయం చేసినారు. కంసాలి దగ్గర పాత తులం 11.66 గ్రాములు అంటారే, అది ఆ లెక్కే. కాబట్టి 200 గ్రెయిన్ల గుండు అంటే తులం మీద ఇంకొంచెం. 405 గ్రెయిన్ల గుండు అంటే సరిగ్గా రెండుంపావు తులాలు. ఈ కొలత గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు తుపాకీ. 1860లో బెంజమిన్ టైలర్ హెన్రీ అనే ఆయన లీవర్ రైఫిల్‌కు పేటెంటు తీసుకున్నాడు. కింద ఉండే పిడిని ఒకసారి ముందుకు నెట్టి వెనక్కి లాగితే కాలిన గొట్టం బయటికి దూకి కొత్త తూటా లోపలికి పోతుంది. గొట్టం నిండా 16 తూటాలు పట్టేవి. 1866లో వించెస్టర్ కంపెనీ దాన్ని బాగు చేసి పక్కనుంచి తూటాలు దూర్చే కిటికీ పెట్టింది. కానీ ఈ రెండింటికీ ఒక లోపం. తూటాకు నిప్పు అంటించే మందు దాని అంచులో ఉండేది. ఒకసారి పేలిస్తే ఆ అంచు నలిగిపోతుంది, గొట్టం పారేయాల్సిందే. అంగడి దూరమైన రైతుకు అది నష్టం.

1873లో వచ్చిన వించెస్టర్ ఆ లెక్క మార్చింది. దాని తూటా పేరు 44-40. ముందు అంకె గుండు లావు, అంగుళంలో నూటికి సుమారు 44 వంతులు. వెనక అంకె మందు, 40 గ్రెయిన్లు. గుండు బరువు 200 గ్రెయిన్లు. నిప్పు అంటించే క్యాపు మధ్యలో ఉంటుంది. కాల్చినాక పాత క్యాపు తీసి కొత్తది కొట్టి, మందు పోసి, గుండు పెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. గుండు పోసే అచ్చు, తూటా నింపే పనిముట్టు కంపెనీయే అమ్మింది. ఒక పౌను మందుతో 175 తూటాలు, వాటికి ఐదు పౌన్ల సీసం. విత్తనం మన ఇంట్లోనే తీసుకున్నట్టు అయింది వాళ్ళకు. 1878 కల్లా కోల్ట్ కంపెనీ రివాల్వర్ కూడా అదే తూటాకు చేసింది. నడుముకు ఉన్నదానికీ భుజానికి ఉన్నదానికీ ఒకటే గుండు, ఒకటే అచ్చు.

ఇప్పుడు గుండు దగ్గరికి వద్దాం. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉత్త సీసం చానా మెత్తన, గోరుతో గీస్తే గీత పడుతుంది. అచ్చులో మూలలకు సరిగ్గా పారదు కూడా. అందుకని దాంట్లో తగరం కలిపేవాళ్ళు. మన ఊళ్ళకు ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు వచ్చేవాళ్ళే, వాళ్ళు వాడే తగరమే. 20 పాళ్ళ సీసానికి ఒక పాలు తగరం అనేది బాగా నడిచిన లెక్క. నెమ్మదిగా పోయే గుండుకు అది చాలు.

గుండు నడుముకు చుట్టూ గాళ్ళు ఉంటాయి. ఆ గాళ్ళలో మైనం, పశువుల కొవ్వు లాంటివి నింపుతారు. ఈ కొవ్వు మాట వినగానే మీకు బడిలో చదివిన పాఠం గుర్తొచ్చి ఉంటాది. 1857 మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడినాడు. ఎన్‌ఫీల్డ్ తూటాల కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసినారన్న మాటే ఆ మంటకు కారణమని అయ్యవారు చెప్పినాడు. కానీ అసలు తూటాకు కొవ్వు ఎందుకు పూయాలో ఎవరూ చెప్పలా. చెప్తా వినండి. నల్ల తుపాకిమందు కాలితే సగానికి పైగా మసీ గసీ అయి మిగిలిపోతుంది. అది గొట్టంలో గట్టిగా పేరుకుంటుంది. నాలుగు గుళ్ళు పోయేసరికి గొట్టం ఇరుకైపోతుంది. కొవ్వు ఆ గసిని మెత్తగా ఉంచి తర్వాతి గుండుకు దారి ఇస్తుంది. మన బండి ఇరుసుకు కందెన మాదిరే. అదే అవసరానికి ఇక్కడ ఒక రాజ్యం కదిలిపోయింది, అక్కడ మాత్రం కొవ్వు గుండు గాళ్ళలో ఉండిపోయింది.

గుండు ముక్కు సంగతి ఇంకో పాఠం. లీవర్ రైఫిల్‌లో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పండుకోని ఉంటాయి. అంటే వెనక తూటా ముక్కు ముందు తూటా క్యాపుకు ఆనుకోని ఉంటుంది. ముక్కు సూదిగా ఉంటే, తుపాకీ ఎగిరి తన్నినప్పుడు అది క్యాపును పొడుస్తుంది. గొట్టంలోనే పేలుతుంది. ఆ గొట్టం కింద ఎడమ చెయ్యి ఉంటుంది. అందుకే లీవర్ తుపాకీ గుండుకు ముక్కు బల్లపరుపుగా ఉండాల. గాలిలో అది తొందరగా నెమ్మదిస్తుంది నిజమే. కానీ నూరు నూటాయాభై గజాల పనికి అంతకన్నా ఏం కావాల? పైగా ఆ చదును ముక్కు మాంసంలో సూది ముక్కు కన్నా బాగా పని చేస్తుంది. అవసరం కోసం పెట్టిన ఆకారమే లాభం అయింది.

ఇక మోతాదు. జింకకు తులం గుండు సరిపోయింది. పెద్ద ఎలుగుబంటికి, ఎల్క్ అనే పెద్ద దుప్పికి సరిపోదు. అప్పుడు రైతు ఏం చేయాల? అదే తుపాకీలో మందు దట్టించాలా? కుదరదు. 1873 తుపాకీ లోపలి తాళం సన్నని కీళ్ళ మీద నిలబడింది. అది నల్లమసి మందు ఒత్తిడికి మాత్రమే చేసింది. పెద్ద పనికి పెద్ద తుపాకీనే చేసినారు. జాన్ బ్రౌనింగ్ రూపం ఇచ్చిన 1886 వించెస్టర్‌లో నిలువు దిమ్మెలు తాళాన్ని బిగించి పట్టుకుంటాయి. దాంట్లో 45-70 తూటా పట్టింది. రెండుంపావు తులాల గుండు, 70 గ్రెయిన్ల మందు. అర ఎకరం దున్నే ఎద్దులకు పది ఎకరాల నాగలి కట్టలేదు, ఎద్దులనే మార్చినారు.

ఇక్కడ ఒక ప్రమాదం పుట్టింది. 1892లో వించెస్టర్ కంపెనీ అదే 44-40 తూటాకు బ్రౌనింగ్ చేసిన గట్టి తుపాకీ ఒకటి తెచ్చింది. తర్వాత 1900 దాటినాక ఆ గట్టి తుపాకీ కోసం వేగం ఎక్కువున్న తూటాలు అమ్మింది. అవి పాత 1873లో కూడా దూరుతాయి. పేరు ఒకటే, కొలత ఒకటే. పాత దానికి వాడొద్దని పెట్టె మీద అచ్చు వేసినారు. అయితే పెట్టె చింపేసినాక తూటా మీద ఏముంటుంది? "దూరింది గదా, పనికొస్తుంది" అనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలా. మన దగ్గర కూడా ఒకే మందు డబ్బా పేరు మీద రెండు శాతాలు ఉంటాయి. శాతం చదవకుండా పేరు చూసి కొట్టినోడి పైరు మాడిపోవడం మనమంతా చూసినాం.

అసలు పెద్ద మార్పు 1895లో వచ్చింది. 1894 రైఫిల్‌కు 30-30 అనే కొత్త తూటా పెట్టినారు. దీంట్లో పొగరాని మందు. నల్లమసి లేదు, గసి తక్కువ, బలం చానా ఎక్కువ. 44-40 గుండు సెకనుకు సుమారు 380 మీటర్లు పోతే, 30-30 గుండు సుమారు 600 మీటర్లు పోయింది. దానికోసం గొట్టాన్ని నికెల్ కలిపిన ఉక్కుతో చేసినారు. గుండుకు లోహపు తొడుగు వేసినారు.

ఇంట్లో గుళ్ళు పోసుకునే రైతు ఇక్కడ తడబడినాడు. మొదటి తప్పు కొలతలో. నల్లమందు అలవాటు ఏమంటే గొట్టం నిండా పోయడం. పొగరాని మందు అట్లా నిండా పోస్తే తుపాకీ ముఖం మీదే పగిలిపోతుంది. కొంచెం పోస్తే ఇంకో చిక్కు. గొట్టంలో చోటు మిగులుతుంది, మరిచిపోయి రెండోసారి పోసినా కంటికి తెలియదు. నల్లమందు రోజుల్లో ఆ పొరపాటుకు చోటే లేదు. రెండోసారి పోస్తే పొర్లిపోయేది.

రెండో తప్పు గుండులో. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్ళు ఉంటాయి, అవి గుండును తిప్పి పంపుతాయి. 44-40 గొట్టంలో 36 అంగుళాలకు ఒక మెలిక. 30-30లో 12 అంగుళాలకే ఒక మెలిక. అంత వేగంలో, అంత మెలికలో మెత్తటి సీసం గాళ్ళను పట్టుకోలేక జారిపోతుంది. వెనకనుంచి వేడి గాలి గుండు అంచును కోసేస్తుంది. సీసం గొట్టానికి పూత మాదిరి అంటుకుంటుంది. ఇక గుండు యాడికి పోతుందో దానికే తెలియదు.

మన పెద్దోళ్ళకు ఈ కథ తెలిసిందే. పాత పొడుగు వడ్లకు యూరియా కొడితే ఏమయ్యేది? ఏపుగా పెరిగి నేలకొరిగేది. తప్పు యూరియాది కాదు, వరిది కాదు. రెండూ ఒకదానికొకటి సరిపోలా. 1966లో ఐఆర్-8 వచ్చినాక, పొట్టి కాడ ఆ ఎరువును మోయగలిగింది. సీసం గుండుకు కూడా అట్లాంటి పొట్టి కాడ కావాల్సి వచ్చింది.

దాన్ని తెచ్చినాయన జాన్ బార్లో. కనెక్టికట్ రాష్ట్రంలో ఐడియల్ అనే కంపెనీ పెట్టి గుండు అచ్చులు చేసేవాడు. 1900 దాటిన తొలి ఏండ్లలో ఆయన గుండు అడుగుకు చిన్న రాగి టోపీ తొడిగే పద్ధతి పెట్టినాడు. దాన్ని గ్యాస్ చెక్ అంటారు. వేడి గాలి రాగికి తగులుతుంది, సీసానికి తగలదు. దానికి తోడు సీసంలో యాంటిమొనీ కలిపి గట్టి చేసినారు. 90 పాళ్ళు సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ అనేది పేరున్న మిశ్రమం. ఉత్త సీసం కన్నా మూడింతలు గట్టి. ఇంకా గట్టిది కావాలంటే పత్రికల అచ్చు యంత్రాల్లో వాడిన లైనోటైపు లోహం వాడేవాళ్ళు. దాంట్లో 12 పాళ్ళు యాంటిమొనీ ఉంటుంది. మన తాలూకా ప్రెస్సుల్లో పెళ్ళిపత్రికలు కొట్టిన అక్షరాలు కూడా సీసం, తగరం, యాంటిమొనీ కలిపి పోసినవే.

కానీ గట్టిగా ఉంటే చాలనుకోవడం కూడా తప్పే అని వాళ్ళు అనుభవం మీద నేర్చుకున్నారు. గట్టితనం కన్నా కొలత ముఖ్యం. గుండు గొట్టం కన్నా అంగుళంలో వెయ్యో వంతో రెండు వంతులో లావుగా ఉండాల. వెయ్యో వంతు అంటే తల వెంట్రుకలో సుమారు మూడో భాగం. 30-30 గొట్టం గాళ్ళ దగ్గర 0.308 అంగుళం ఉంటే గుండు 0.309 లేదా 0.310 ఉండాల. సన్నగా ఉంటే ఎంత గట్టి గుండైనా పక్కనుంచి గాలి దూరి సీసం పూసేస్తుంది. అందుకని తెలిసినోళ్ళు ముందు ఒక మెత్తటి సీసపు ముక్కను గొట్టంలో దూర్చి బయటికి నెట్టి దాన్ని కొలుస్తారు. అచ్చు ఆ తర్వాతే కొంటారు. భూసార పరీక్ష చేసి ఎరువు కొనడం మాదిరి.

కాబట్టి నూరేండ్లు పైబడి ఆ రైతులు గుండు ఎంచుకున్న వరస ఇది. మొదట ఏ పనికి, ఎంత దూరానికి? తర్వాత తుపాకీ ఏ ఒత్తిడికి చేసింది? తర్వాత గొట్టం కొలత ఎంత? దాన్ని బట్టి గుండు లావు, బరువు, ముక్కు. ఎంత వేగం కావాలో దాన్ని బట్టి మిశ్రమం, రాగి టోపీ కావాలా వద్దా. మందు అన్నిటికన్నా చివర, అదీ పుస్తకంలో ఉన్న మోతాదు చూసి, తూచి, కింది అంకె నుంచి. మా కుర్రోడు చివరిదాన్ని మొదట పట్టుకున్నాడు. ఆ వరస తిరగబడితే ఏమవుతుందో పైన చెప్పినా.

ఇప్పుడు ఆ భూమి మాటకు వస్తా. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ అనే ఏటి దగ్గర కస్టర్ సైన్యాన్ని లకోటా, షైయన్ ఆదివాసీలు ఓడించినారు. సైనికుల చేతిలో ఒక్కొక్కటే దూర్చే తుపాకీలు. ఆదివాసీల్లో కొందరి చేతిలో హెన్రీ, వించెస్టర్ లీవర్ రైఫిళ్ళు. 1983లో అక్కడ గడ్డి కాలిపోయి నేల బయటపడింది. మరుసటి ఏడు తవ్వితే ఆ గుళ్ళు, గొట్టాలు దొరికినాయి. ఎవరు యాడ నిలబడి కాల్చినారో వాటిని బట్టి చెప్పగలిగినారు. గెలిచింది ఆ ఒక్క రోజే, భూమి మాత్రం తర్వాత పోయింది. నన్ను పట్టుకున్న విషయం ఇంకోటి ఉంది. నూరేండ్లు దాటినా సీసం మట్టిలో అట్లాగే ఉంది. కుళ్ళదు, కరగదు.

కుళ్ళని దాన్ని ఎవరో ఒకరు తింటారు. కాలిఫోర్నియాలో కాండర్ అనే పెద్ద రాబందు ఉంది. 1982 నాటికి 22 మాత్రమే మిగిలినాయి. వేటగాళ్ళు వదిలేసిన మాంసంలో సీసం ముక్కలు తిని చచ్చిపోవడం దానికి పెద్ద కారణాల్లో ఒకటి. ఆ రాష్ట్రం 2013లో చట్టం చేసి 2019 జూలై 1 నుంచి వేటలో సీసం గుళ్ళు పూర్తిగా ఆపేసింది. నూటయాభై ఏండ్ల అలవాటు అట్లా ఆగింది. వాళ్ళను చూసి మనం నవ్వాల్సిన పని లేదు. మన రాబందులు ఏమైనాయి? పశువులకు మనం వేయించిన డైక్లోఫెనాక్ సూది మందు, ఆ కళేబరాలు తిన్న రాబందులను చంపింది. 2006లో పశువులకు దాన్ని ఆపేసినారు. మన చిన్నప్పుడు చచ్చిన ఎద్దు చుట్టూ గుంపుగా దిగేవి, ఇప్పుడు మన పిల్లలకు బొమ్మలో చూపించాల్సి వస్తోంది. మనం కావాలని చేయలా, వాళ్ళూ కావాలని చేయలా.

చివరిగా ఆ కుర్రోడికీ, అట్లాంటి ఆలోచన ఉన్నోళ్ళకూ ఒక మాట. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం పంట కాపాడుకోవడానికి లైసెన్సు మీద ఇవ్వమని చెప్పింది ముందునుంచి దట్టించే పాత రకం తుపాకీనే. లైసెన్సు లేకుండా తుపాకీ పెట్టుకున్నా, తూటాలు చేసినా జైలే. అడవి పందిని అనుమతి లేకుండా కొట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం. ఇక ఇంట్లో సీసం కరిగించడం అంటే, ఆ దుమ్ము పిల్లల కడుపులోకి పోతే వాళ్ళ మెదడు ఎదగదు. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడితే చిమ్మి ముఖం మీద పడుతుంది.

పందుల బాధ నాకు తెలుసు. తెల్లారి పోయి చూస్తే శెనక్కాయ సాలు సాలంతా తిరగదోడి ఉంటే కడుపు మండుతుంది. అయినా చేను చుట్టూ కరెంటు తీగ కట్టకండి, నాటు బాంబు పెట్టకండి. రాత్రి నీళ్ళు కట్టడానికి పోయే పక్క చేను మనిషి కూడా ఆ దారినే నడుస్తాడు. నలుగురు కలిసి వంతుల కావలి, లెక్క ప్రకారం పెట్టిన సోలార్ కంచె, నష్టానికి అటవీ శాఖకు అర్జీ. ఇవి నెమ్మది పనులే. ఒప్పుకుంటా.

ఈసారి మా పక్క పది మంది కలిసి కావలి వంతులు రాసుకుంటున్నాం. ఆ కుర్రోడి పేరు మొదటి వారంలోనే వేసినా. మంచె మీద కూర్చోని ఈ పోస్టు చదువుతాడని.

ఉంటానప్పా. చేను జాగ్రత్త.